ఓబర్‌గుర్గుల్ నేర్పిన లెక్క

ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో, 1,900 మీటర్లకు పైన ఉన్న చిన్న ఊరు ఓబర్‌గుర్గుల్. 1931లో భౌతిక శాస్త్రవేత్త ఓగుస్ట్ పికార్ ఎక్కిన బెలూన్ ఊరి దగ్గరి హిమానీనదం మీద దిగడంతో ఊరి పేరు లోకానికి తెలిసింది. తర్వాత స్కీయింగ్ వచ్చింది. పశువులు మేపుకునే కుటుంబాలు హోటళ్లు కట్టాయి.

ఈ పెరుగుదల ఎక్కడిదాకా? 1974లో ఈ ప్రశ్నను ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ మోజర్, పర్యావరణ శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్, వారి సహచరులు చేపట్టారు. యునెస్కో 'మానవుడు, జీవావరణం' కార్యక్రమంలో భాగమైన ఈ పనిలో ఊరివాళ్లూ కూర్చున్నారు. అందరూ కలిసి ఒక కంప్యూటర్ నమూనా తయారుచేశారు.

దాని పనితనం చూడండి. యాత్రికుల గిరాకీ, జనాభా–ఆర్థికం, వ్యవసాయం–ప్రకృతి, భూవినియోగం: నాలుగే భాగాలు. ఒక భాగంలో తేలిన అంకె మరో భాగానికి ముడిసరుకు. హోటల్ యజమాని కొడుకు ఊళ్లోనే బతకాలంటే అతనికీ ఓ కట్టడం కావాలి. దానికి మంచుచరియల ముప్పు లేని నేల కావాలి. అలాంటి నేల నిన్నటిదాకా పచ్చగడ్డి పెరిగిన చోటు. కట్టడం లేస్తే మంచాలు పెరుగుతాయి, వాటితో యాత్రికులూ పెరుగుతారు. వాళ్ల అడుగుల కింద గడ్డి చచ్చి మట్టి కొట్టుకుపోతుంది. ఒక్క కుటుంబపు నిర్ణయం కొండవాలు దాకా ఎలా పాకుతుందో ఈ నమూనా అడుగడుగునా చూపిస్తుంది.

తేలిన ఫలితం ఇంకా విలువైనది. ముందుగా కరువయ్యేది యాత్రికులు కారు, కట్టుకోదగ్గ నేల. అది అయిపోతే తర్వాతి తరానికి ఊళ్లో చోటుండదు. దీంతో విధాన చర్చకు దారి మారింది. ఎంతమందిని రప్పించాలన్నది వెనక్కి పోయి, ఏ నేలలో కట్టనివ్వాలి, ఏ నేలను వదిలేయాలి అన్నది ముందుకొచ్చింది.

ఆ నమూనా పరిపూర్ణమని దాన్ని కట్టినవాళ్లు చెప్పుకోలేదు. లెక్కలు చాలని చోట్లను అదే బయటపెట్టింది, తర్వాతి పరిశోధనకు దారి చూపింది. హోలింగ్ సంపాదకత్వంలో 1978లో వచ్చిన పుస్తకంలో ఈ ఊరు ఒక అధ్యాయమైంది. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో దావోస్, గ్రిండెల్‌వాల్డ్ ప్రాంతాలనూ ఇదే యునెస్కో కార్యక్రమం కింద అధ్యయనం చేశారు.

కొండ ఊళ్ల పర్యాటకంపై విధానం రాసేవాళ్లు ఈ పనిని తప్పక చదవాలి. ఏది ముందు తరిగిపోతుందో కనిపెట్టి, ఆ లెక్కను ఊరివాళ్లతో కూర్చుని వేసిన పరిశోధనే పాలకులకు పనికొస్తుంది.