ముందు మేకు, తర్వాత గన్ను

సెలవు రోజుల్లో చెక్కపని చేసుకునే మిత్రులు ఈ మధ్య కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: నెయిల్ గన్ను కొందామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు? అడిగేటప్పటికే వాళ్లు యూట్యూబ్‌లో చాలా వీడియోలు చూసి ఉంటారు. అమెరికాలో ఎవరో కారు షెడ్డులో నిలబడి బ్యాటరీ గన్నుతో టపటపా మేకులు దింపేస్తుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు దేనికి దేన్ని అతికించబోతున్నారు? ఆ ముక్కల మందం ఎంత? అది తెలిస్తే గన్ను సంగతి సగం తేలిపోయినట్టే.

ఈ పనిముట్టు ఎలాంటి ఇళ్ల కోసం పుట్టిందో చూస్తే ఇలా ఎందుకు అడుగుతానో అర్థమవుతుంది. గాలి ఒత్తిడితో మేకులు కొట్టే గన్ను 1950లో మార్కెట్లోకి వచ్చింది. ఇళ్లలో నేలకు పరిచే చెక్క పలకలను త్వరగా బిగించడం దాని మొదటి పని. అమెరికా ఇల్లు చాలావరకు చెక్క ఇల్లే. గోడ లోపల నిలువు చెక్కలుంటాయి, వాటి మీద అర అంగుళం జిప్సం బోర్డు, దాని మీద గోడ అడుగున చెక్క పట్టీ, తలుపుల చుట్టూ కిటికీల చుట్టూ చెక్క చట్రం. పట్టీనీ బోర్డునూ దాటుకుని లోపలి చెక్కను గట్టిగా పట్టుకోవాలంటే మేకు రెండు, రెండున్నర అంగుళాలు ఉండాలి, కాస్త లావుగా ఉండాలి, తల మాత్రం పైకి కనబడకూడదు. ఫినిష్ నెయిలర్ ఆ అవసరానికి సరిపోయే సాధనం. మన గోడలు ఇటుకవి, సిమెంటువి. గోడ అడుగున ఉండేది టైలు పట్టీ. గుమ్మాన్ని ఇనుప హోల్డ్‌ఫాస్టులు పట్టుకుంటాయి, తలుపును మడతబందులూ స్క్రూలూ పట్టుకుంటాయి. ఆ వీడియోల్లో అందరూ మెచ్చుకునే 15 గేజ్ ఏటవాలు గన్నుకు మన ఇంట్లో పని దాదాపుగా లేదు.

మనం చేసేవి ఏమిటి? పుస్తకాల అర, చెప్పుల స్టాండు, ఫొటో ఫ్రేము, దేవుడి మందిరం, ప్లైవుడ్ అంచుకు టేకు బీడింగ్. వీటికి కావలసిన మేకు వేరు.

గేజ్ అంకె పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుంది. 15 గేజ్ మేకు మందం ఇంచుమించు 1.8 మిల్లీమీటర్లు, 16ది 1.6, 18ది 1.2, 23ది 0.6. మొదటి రెండూ ఫినిష్ మేకులు. 18 గేజ్‌ను బ్రాడ్ అంటారు, దానికి చిన్న తల ఉంటుంది. 23 గేజ్ పిన్నుకు తలే ఉండదు. మన హార్డ్‌వేర్ షాపుల్లో మాత్రం అక్షరం లెక్క నడుస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 18 గేజ్ గన్ను అడిగితే ‘ఎఫ్30 కావాలా, ఎఫ్50 కావాలా’ అని అడుగుతారు. ఎఫ్30 అంటే 30 మిల్లీమీటర్ల పొడవు దాకా మేకులు పట్టేది, ఎఫ్50 అంటే 50 దాకా. టీ50 అన్నది 16 గేజ్ గన్ను.

ఏ పొడవు మేకు కావాలో తేల్చుకోవడానికి వడ్రంగులు పాటించే లెక్క ఒకటుంది. పైన పెట్టే ముక్క మందానికి మూడింతలు ఉండాలి మేకు, అవతలికి మాత్రం పొడుచుకు రాకూడదు. ఆరేడు మిల్లీమీటర్ల బీడింగ్‌కు 20 మిల్లీమీటర్ల మేకు చక్కగా సరిపోతుంది. అదే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను ఇంకో పలక అంచుకు బిగించాలనుకోండి. ఎఫ్30 గన్నుతో కొడితే రెండో పలకలోకి దిగేది 12 మిల్లీమీటర్లే, అది చాలదు. చాలామంది చవకగా వస్తుందని ఎఫ్30 కొని, మొదటి పుస్తకాల అర దగ్గరే ఆగిపోతారు. ఒక్క గన్నే కొనగలిగితే నా మాట ఎఫ్50కే. కాస్త పెద్దది, కాస్త బరువు, అయినా బీడింగ్ నుంచి అరల దాకా అన్నిటికీ పనికొస్తుంది.

మరి ఆ సన్నటి మేకు బరువు మోస్తుందా అని అడుగుతారు. ఈ సందేహం నాకూ ఉండేది. మా కాలనీలో వంటింటి అల్మరాలు చేస్తున్న ఒక మేస్త్రిని అడిగితే ఆయన పని ఆపకుండానే చెప్పాడు: “బలం మేకుది కాద్సార్, ఫెవికాల్‌ది. మేకు రేపు పొద్దున దాకా పట్టుకుంటే చాలు.” ఈ పనిలో ఇంతకంటే అసలైన మాట నేను వినలేదు. పందిరి గుంజ పాతేటప్పుడు మట్టి గట్టిపడేదాకా దాన్ని నిలబెట్టి పట్టుకునే మనిషి చేసే పనే ఇక్కడ మేకు చేస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తెల్ల పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు, ఆ బొమ్మలు తరాల పాటు నిలుస్తాయి. జిగురు మీద నమ్మకం మన చేతిపనుల్లో కొత్తేమీ కాదు.

ప్లైవుడ్ అంచుకు టేకు పట్టీ అతికించే పనిని దగ్గర నుంచి చూడండి, గన్ను విలువ అక్కడ తెలుస్తుంది. అంచుకు ఫెవికాల్ పూసి పట్టీ పెట్టగానే అది తడి మీద జారడం మొదలుపెడుతుంది. ఎడమ చేత్తో అదిమి పట్టుకుని, వేళ్ల మధ్య తల కొట్టేసిన మేకు నిలబెట్టి, కుడి చేత్తో సుత్తి వేస్తే ప్రతి దెబ్బకూ పట్టీ వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. నాలుగో దెబ్బకు అంచు పైకి లేచి ఉంటుంది, దాన్ని చిత్రిక పట్టి సరిచేయాలి. గన్నుతో అయితే అరచేత్తో పట్టీని అదిమి, ముక్కు ఆనించి, ట్రిగర్ నొక్కితే ఒక్క ‘టప్’తో అయిపోతుంది. పట్టీ కదిలే వ్యవధే ఉండదు. మేకు తల చెక్క మట్టం కంటే కొద్దిగా లోపలికి దిగి, పైన చిన్న గీతలాంటి గుంట మిగులుతుంది. అదే చెక్క పొట్టును జిగురుతో కలిపి ఆ గుంటలో నొక్కి, ఆరాక ఉప్పుకాగితం పడితే పాలిష్ కింద దాన్ని వెతుక్కోవాలి. 16 గేజ్ గుంట అలా దాగదు. పైగా సన్నటి టేకు పట్టీ చివర్లో 16 గేజ్ కొడితే చెక్క చీలుతుంది.

23 గేజ్ పిన్ను మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది. చిన్న నగల పెట్టెలు, ఫొటో ఫ్రేముల మూలలు చేసేవాళ్లకు అది వరం. తల లేదు కనుక లాగితే వచ్చేస్తుంది, కానీ లప్పం అవసరమే లేనంత చిన్న గుంట. అది రెండో గన్నుగా కొనుక్కోదగ్గది.

వీడియోల్లో వాళ్లు కొట్టేది ఎక్కువగా పైన్ చెక్క, మెత్తనిది. మన నల్లతుమ్మ, చేవ తేరిన పాత ఇంటి టేకు అలా ఊరుకోవు. బ్రాడ్ మొన ఉలిలా ఉంటుంది. గట్టి ఈనె తగిలితే దాని వెంట వంగి, పలక పక్కనుంచి బయటకు పొడుచుకొస్తుంది. గన్నును పలక అంచు పొడవునా కాకుండా అంచుకు అడ్డంగా పట్టుకుంటే మేకు వంగినా చెక్క లోపలే ఉంటుంది. పట్టుకున్న చెయ్యి మేకు పొడవు కంటే బాగా దూరంగా, నాలుగైదు అంగుళాల అవతల ఉండాలి. నల్లతుమ్మ లాంటి చెక్కకైతే నేను గన్ను జోలికే వెళ్లను, రంధ్రం చేసి స్క్రూ వేస్తాను.

ఇక గాలి గన్నా, బ్యాటరీ గన్నా? బ్యాటరీతో కలిపి చూస్తే రెండోదాని బరువు రెండున్నర కిలోలు దాటుతుంది, గాలి గన్ను అందులో సగం. ధరలో తేడా ఇంకా ఎక్కువ. మామూలు గాలి గన్ను రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది, కానీ దానికి కంప్రెసర్ కావాలి. పాతిక లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసర్ చాలు. బ్రాడ్ గన్ను 60 నుంచి 100 పీఎస్‌ఐ మధ్య పనిచేస్తుంది, ఒక్కో మేకుకు తాగే గాలి తక్కువ. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు తక్కువ శబ్దం చేసే రకం కొనడం మంచిది, మధ్యాహ్నం పూట పక్కింటి పసిపిల్లలు నిద్రపోతుంటారు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో పని ముగిశాక ట్యాంకు అడుగున మర విప్పి నీళ్లు వదలకపోతే లోపల తుప్పు పడుతుంది. గన్నులో ఒకటి రెండు చుక్కల ఆయిల్ వేయమని కంపెనీ చెప్పి ఉంటే వేయాలి. కంప్రెసర్ లేదని ఆక్సిజన్ సిలిండర్‌కు గన్ను తగిలించే ఆలోచన మాత్రం ఎవరూ చేయకూడదు, అది పేలుతుంది.

ట్రిగర్ గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు కనుక నేను చెప్పాలి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో ముక్కు చెక్కకు ఆనించి, ఆ తర్వాత ట్రిగర్ నొక్కితేనే ఒక మేకు వస్తుంది. ఇంకోటి కావాలంటే ట్రిగర్ వదిలి మళ్లీ నొక్కాలి. రెండో పద్ధతిలో ట్రిగర్ నొక్కి ఉంచి ముక్కు ఎక్కడ తగిలిస్తే అక్కడ మేకు దిగుతుంది. అది చెక్కో, మోకాలో దానికి తెలియదు. అమెరికాలో పనిచోట భద్రత చూసే ఓషా, నియోష్ సంస్థలు 2011లో ఇచ్చిన భద్రతా సూచనల ప్రకారం నెయిల్ గన్ను గాయాలతో అప్పట్లో ఏటా దాదాపు 37,000 మంది అక్కడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్లేవారు. రెండో రకం ట్రిగర్‌తో గాయాల ముప్పు రెట్టింపు. ఇంటి పనికి వేగంతో పనేముంది? మొదటి రకమే తీసుకోండి. చవక గన్నుల్లో కొన్నిటికి ముక్కు దగ్గర ఆ భద్రత ఏర్పాటే ఉండదు, గాలిలోకి నొక్కినా మేకు ఎగురుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లోకి అలాంటిది తేవద్దని గట్టిగా చెబుతాను. మేకు ఇరుక్కుంటే ముందు గాలి గొట్టం ఊడదీయాలి, తర్వాతే ముక్కు విప్పాలి. కళ్లద్దాలు లేకుండా ఒక్క మేకు కూడా కొట్టకూడదు.

కొనడానికి వెళ్లేటప్పుడు మీరు వాడే చెక్క ముక్కలు రెండు సంచిలో వేసుకెళ్లండి, ప్లైవుడ్ ఒకటి, టేకు పట్టీ ఒకటి. చాలా దుకాణాల్లో కంప్రెసర్ ఉంటుంది, కొట్టి చూపించమంటే చూపిస్తారు. మేకు తల మట్టం కంటే లోపలికి దిగిందా, పైకి నిలిచిందా, దిగే లోతు తగ్గించే చక్రం ఉందా, ముక్కుకు రబ్బరు తొడుగు ఉందా, లేక చెక్క మీద సొట్ట పడిందా చూడండి. తర్వాత పట్టీని ప్లైవుడ్ నుంచి పీకి, లోపల మేకు నిటారుగా దిగిందో పక్కకు వంగిందో కూడా చూసి, అప్పుడు డబ్బు తీయండి.