లక్షన్నర పౌండ్ల పేరా

ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఆత్మకథల్లో, అచ్చయ్యాక రచయితకు కాక ఆటగాడికి భారీగా ఖర్చు తెచ్చిన పేరా ఒకటుంది. అది రాయ్ కీన్ పేరు మీద 2002లో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పేరాను కాగితం మీద పెట్టింది కీన్ కాదు, తోడు రచయిత ఈమన్ డన్‌ఫీ.

సంగతి ఇది. 1997 సెప్టెంబరులో లీడ్స్ మైదానంలో ఆ జట్టు ఆటగాడు ఆల్ఫ్ ఇంగె హాలండ్‌ను పడగొట్టబోయి, మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ కీన్ తన మోకాలి లిగమెంటే తెంచుకున్నాడు. నేల మీద పడి ఉన్న కీన్‌ను, నటనలు చాలు లెమ్మన్నట్టు హాలండ్ కసిరాడు. (ఇప్పుడు గోల్స్ వరద పారిస్తున్న ఎర్లింగ్ హాలండ్‌కు ఈయన తండ్రి.) 2001 ఏప్రిల్‌లో జరిగిన మాంచెస్టర్ డెర్బీ నాటికి హాలండ్ ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ జట్టులో ఉన్నాడు. కీన్ బూటు నేరుగా అతని మోకాలికి తగిలింది. రెడ్ కార్డు చూపించారు, మూడు మ్యాచ్‌ల నిషేధం, 5,000 పౌండ్ల జరిమానా వేశారు. వ్యవహారం అక్కడితో ముగిసేదే. కానీ మరుసటి ఏడాది ఆత్మకథలో ఆ దెబ్బను ఏళ్ల తరబడి కాచుకుని తీర్చుకున్న పగలాగా వర్ణించేసరికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కీన్‌ను మళ్లీ పిలిచింది. ఈసారి ఐదు మ్యాచ్‌ల నిషేధం, 1,50,000 పౌండ్ల జరిమానా. ఆ మాటల కూర్పు తనదేనని డన్‌ఫీ విచారణలో సాక్ష్యం చెప్పినా లాభం లేకపోయింది. కవరు మీద ఎవరి బొమ్మ ఉంటే శిక్ష వాళ్లకే.

డన్‌ఫీ చేతకాని రచయిత కాదు. మిల్‌వాల్ జట్టుకు, ఐర్లండ్‌కు ఆడినవాడు. డ్రెస్సింగ్ రూమ్ వాసన తెలిసినవాడు. కలం పదునైనది. ఆ పదునే చిక్కు తెచ్చింది. 2002 పుస్తకంలో కోపం ఎక్కడా తడబడదు. ప్రతి పేరా వాదన ముగించిన వకీలులా నిలబడుతుంది. ఎదుట కూర్చుని మాట్లాడే మనిషి అంత సాఫీగా కోప్పడడు. మధ్యలో ఆగుతాడు, తనకే అనుమానం వస్తుంది, చెప్పినదాన్ని సగం వెనక్కి తీసుకుంటాడు. డన్‌ఫీ ఆ తడబాట్లను చదును చేశాడు. దాంతో మైదానంలో క్షణంలో జరిగినది కాగితం మీద పథకమైపోయింది.

పన్నెండేళ్ల తర్వాత, 2014లో, అదే మనిషి ఇంకో రచయిత దగ్గర కూర్చున్నాడు. పుస్తకం 'ది సెకండ్ హాఫ్', రచయిత రాడీ డోయల్. 1993లో బుకర్ బహుమతి అందుకున్న నవలాకారుడు, డబ్లిన్ మనుషుల మాటతీరును పేజీ మీదికి దించడంలో అందెవేసిన చెయ్యి. డోయల్ నవలల్లో వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. పాత్ర ఎలాంటిదో అది మాట్లాడేటప్పుడే మనకు తెలుస్తుంది. అలాంటివాడికి కీన్ దొరకడం నా దృష్టిలో ఈ తరహా పుస్తకాలకు పట్టిన అదృష్టం.

పనితనం ఎక్కడుందో చూడాలంటే హాంకాంగ్ హోటల్ ఘట్టం చదవాలి. యునైటెడ్ జట్టు పర్యటనలో ఒక రాత్రి కీన్, గోల్‌కీపర్ పీటర్ ష్మైకేల్ కొట్టుకున్నారు. తెల్లారాక కీన్‌కు పెద్దగా ఏమీ గుర్తులేదు. పక్కనే ఉండి రిఫరీ పాత్ర వహించిన సహచరుడు నికీ బట్ చెబుతుంటే ముక్కలు ముక్కలుగా వింటాడు. తర్వాత ష్మైకేల్ నల్లకళ్లద్దాలు తీస్తే కింద కమిలిన కన్ను. ఇంకొకరైతే ఆ దెబ్బలాటను సినిమా ఫైటులా దెబ్బకు దెబ్బ పేర్చి రాసేవారు. డోయల్ మాత్రం మతిమరుపును మతిమరుపుగానే ఉంచాడు. ఖాళీలున్న చోట ఖాళీలే వదిలాడు. నవ్వు అక్కడే పుడుతుంది.

ఇంకోచోట, కీన్ సండర్లాండ్ మేనేజరుగా ఉన్న రోజుల్లో మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూములో అబ్బా బృందం 'డాన్సింగ్ క్వీన్' పాట మోగుతుంటుంది. ఆ పాట ఆపమని ఒక్క ఆటగాడూ అనకపోవడం కీన్‌ను కలవరపెడుతుంది. అంతే సంగతి. డోయల్ దానికి వ్యాఖ్యానం తగిలించలేదు. పొట్టి వాక్యాలు, వాటి మధ్య చిన్న ప్రశ్న, మళ్లీ ఒక పొట్టి వాక్యం. చదువుతుంటే కీన్ కనుబొమలు ముడిపడటం కనిపిస్తుంది. హాలండ్ సంగతీ ఇందులో మళ్లీ వస్తుంది. గట్టిగా తగలాలనే వెళ్లానని, గాయపరచాలని మాత్రం కాదని కీన్ చెప్పుకుంటాడు. ఆ మాట నమ్మాలో వద్దో పాఠకుడి ఇష్టం. డోయల్ వకాల్తా పుచ్చుకోలేదు.

కీన్‌కు ఇంకో ముఖం ఉంది. అది ఆత్మకథల పాఠకుల కంటే ఐర్లండ్‌లో అతని సొంత ఊరు కార్క్ వాళ్లకు బాగా తెలుసు. కార్క్‌లో 1976లో మొదలైన ఐరిష్ గైడ్ డాగ్స్ సంస్థ అంధులకు దారి చూపే కుక్కలను పెంచి, శిక్షణ ఇచ్చి అప్పగిస్తుంది. కీన్ ఏళ్లుగా దాని వెంట నిలబడి, విరాళాల కోసం తన ముఖాన్ని, పేరును అరువిస్తున్నాడు. 2002 ప్రపంచ కప్ ముంగిట సైపాన్‌లో ఐర్లండ్ జట్టు మేనేజర్ మిక్ మెకార్తీతో గొడవపడి ఇంటికి తిరిగొచ్చినప్పుడు, వాకిట కాపుకాసిన ఫోటోగ్రాఫర్లకు దొరికినవాళ్లు ఇద్దరే: కీన్, అతని లాబ్రడార్ ట్రిగ్స్. ఆ కుక్క పేరు మీద కూడా 2012లో ఒక ఆత్మకథ వచ్చింది! రాసింది హాస్యరచయిత పాల్ హవార్డ్.

ఇలాంటి మంచిపనిని నోరులేని కుక్క చెప్పుకుంటే ముచ్చటగా ఉంటుంది గాని, మనిషి 'నేను' అంటూ చెప్పుకుంటే దండోరా అవుతుంది. ఇంకొకరు రాసిన జీవితచరిత్రలో దానం గుణం, ఆత్మకథలో అదే గొప్ప. క్రెయిగ్ బెల్లమీది దీనికి మంచి ఉదాహరణ. గోల్ఫ్ కర్రతో సహచరుడిని కొట్టాడన్న అపకీర్తి మోసిన ఈ వేల్స్ ఆటగాడు, సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌కు దూరంగా టాంబో అనే ఊళ్లో పేదపిల్లలకు ఉచితంగా వసతి, చదువు ఇచ్చి ఆట నేర్పే అకాడమీ కోసం పది లక్షల పౌండ్లకు పైగా సొంత డబ్బు పెట్టాడు. 2013లో వచ్చిన అతని ఆత్మకథ 'గుడ్‌ఫెల్లా' విలేఖరి ఆలివర్ హోల్ట్ చేతి పని. బెల్లమీ గొడవలను ఎవరైనా రాయగలరు. ఆఫ్రికా సంగతి కథానాయకుడు కాలరెగరేయకుండా చెప్పించడమే చెయ్యి తిరిగినవాడి పని.

డోయల్ కూడా ఇదే కోవలోని మనిషి. డబ్లిన్‌లో పిల్లలకు ఉచితంగా కథలు రాయడం నేర్పే 'ఫైటింగ్ వర్డ్స్' కేంద్రాన్ని 2009లో మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. పిల్లలు చెబుతుంటే విని, వాళ్ల మాట చెడకుండా కాగితం మీదికి తెచ్చే ఓపిక ఉన్నవాడికి, కీన్‌లాంటి ముక్కోపి చెప్పేది వినడం మరీ కష్టమేమీ కాకపోవచ్చు.

ఒకందుకు సంతోషం. ఈ రచయితల పేర్లు పుస్తకాల మీద కనిపిస్తున్నాయి. మన హైదరాబాదీ క్రికెటర్ లక్ష్మణ్ ఆత్మకథ '281 అండ్ బియాండ్'కు ఆర్. కౌశిక్ పేరు ఉన్నట్టే, కీన్ రెండు పుస్తకాల మీదా తోడు రాసినవారి పేర్లు ఉన్నాయి. పేరే లేకుండా పనిచేసి పోయినవాళ్లు ఇంకెందరో.

కీన్ పుస్తకాల్లో ఒక్కటే చదివే తీరిక ఉంటే డోయల్ రాసినది చదవండి. డన్‌ఫీని చదవాలనుకుంటే మాత్రం కీన్ పుస్తకం వద్దు. మిల్‌వాల్‌లో తాను ఆడిన ఒక సీజన్ గురించి 1976లో సొంత పేరుతో అచ్చువేసిన డైరీ 'ఓన్లీ ఎ గేమ్?' వెతకండి. తన కోపం తనదే అయినచోట డన్‌ఫీని మించిన ఫుట్‌బాల్ రచయితలు తక్కువ.