మంగినపూడి మీదుగా రాత్రి పిలుపులు

దివిసీమలో రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పడుకునేవాళ్లకి అక్టోబరు రాత్రుల్లో ఓ కూత అలవాటయ్యే ఉంటుంది. నడినెత్తిన ఎక్కడో, ఎవరో గబగబా ఏడుసార్లు ఒకే స్థాయిలో ఈల వేసినట్టు: టిటిటిటిటిటిటి. తలెత్తితే చుక్కలు తప్ప ఏమీ కనబడవు. అది ఉల్లంకి పిట్టల్లో పెద్ద జాతి, కిందికి వంగిన పొడుగు ముక్కుది. పక్షుల పుస్తకాల్లో వింబ్రెల్ అంటారు. ఎండాకాలం ఉత్తరాన సైబీరియా వైపు పిల్లల్ని చేసుకుని, చలి ముదరకముందే మన తీరం దారి పడుతుంది. ఇంగ్లండు పల్లెల్లో ఈ ఏడు ఈలల్ని చావు కబురుగా లెక్కేసేవాళ్లు. మనం తీతువుని ఆడిపోసుకుంటాం కదా, అలాగే.

వలస పిట్టల్లో చాలావాటికి ప్రయాణం రాత్రిపూటే. పగలంతా తిని ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి. రాత్రయితే గాలి చల్లగా, కుదుపుల్లేకుండా ఉంటుంది, డేగల బెడదా తగ్గుతుంది. దారికి చుక్కలున్నాయి. 1960ల్లో అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ చిన్న పిట్టల్ని నక్షత్రశాలలో పెట్టి, కప్పు మీది చుక్కల్ని తిప్పి చూస్తే అవీ దిక్కు మార్చుకున్నాయి. చీకట్లో తోటివాళ్ల జాడ తప్పకుండా ఎగురుతూనే పిలుచుకుంటాయి. ఆ పిలుపుని బట్టి జాతిని పోల్చుకుని, ఏ గంటలో ఎన్ని వినబడ్డాయో రాసిపెట్టడమే ఇక్కడ చెప్పుకోబోయే విద్య.

దీన్ని పద్ధతిగా మొదలుపెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన ఓరిన్ లిబ్బీ పక్షి శాస్త్రవేత్త కూడా కాదు, చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషి. 1896 సెప్టెంబరులో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఒక రాత్రి కూర్చుని వినబడిన పిలుపులన్నీ లెక్కపెట్టాడు. వేలల్లో తేలాయి. మన పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టిన సంవత్సరమే అది. 1950ల చివర ఇలినాయిలో రిచర్డ్ గ్రేబర్, విలియం కాక్రన్ టేపు రికార్డరునీ, ఆకాశానికేసి తిప్పిన పెద్ద గిన్నె లాంటి పరావలయాన్నీ వాడారు. తర్వాత బిల్ ఎవాన్స్ వచ్చి ఆ ఖర్చంతా తగ్గించేశాడు: పూలకుండీ లాంటి ప్లాస్టిక్ డబ్బా, అడుగున చిన్న మైకు, వాన పడకుండా మూతి మీద పల్చటి ప్లాస్టిక్ పొర. పక్కనుంచి వచ్చే చప్పుడుని డబ్బా గోడలు ఆపుతాయి, పైనుంచి వచ్చేది లోపలికి దిగుతుంది. బందరు కోనేరు సెంటర్‌లో దొరికే సామానుతోనే దాదాపు పని జరిగిపోతుంది.

అయితే అమెరికా కిటుకులన్నీ ఇక్కడ నడవవు. అక్కడివాళ్లు ఎక్కువగా వెతికేది పిచ్చుకంత పిట్టల పిలుపుల్ని. అవి సెకనులో పదో వంతు కూడా ఉండవు, గొంతు 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య పలుకుతుంది. మన డెల్టాలో ఆ స్థాయిని కీచురాళ్లు ఆక్రమించుకుని ఉంటాయి. పైగా మనకొచ్చే చిన్న వలస పిట్టల్లో రాత్రి నోరు విప్పనివి చాలా ఉన్నాయి. మనకి కలిసొచ్చేది ఉల్లంకి కుటుంబం. వాటి ఈలలు చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. కింద కప్పల బెకబెకలు, మోటార్ల హోరు, పైన కీచురాళ్లు. మధ్యలో మిగిలిన ఆ సందులోంచి ఉల్లంకుల గొంతు తేటగా దూరి వస్తుంది.

రికార్డింగుని పొద్దున కంప్యూటర్లో వేసుకుని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్‌గా చూస్తే శబ్దం బొమ్మగా కనిపిస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా స్థాయి. వింబ్రెల్ అయితే ఒకే ఎత్తులో సమాన దూరంలో పేర్చిన గీతల వరస. గ్రీన్‌షాంక్ గట్టిగా, గంట కొట్టినట్టు మూడే మూడు: ట్యూ ట్యూ ట్యూ. దాని దాయాది రెడ్‌షాంక్ కూడా ఇంచుమించు మూడే అంటుంది గానీ మొదటిది సాగదీసి మిగతా రెండూ కిందికి జారవిడుస్తుంది: ట్యూ-హుహు. గ్రే ప్లవర్‌ది ఒకటే పొడుగు ఈల, నడుమ కిందికి జారి మళ్లీ లేస్తుంది, దిగులుగా ఉంటుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లవర్‌ది రెండు ముక్కల కూత, రెండో ముక్క చివర పైకి విసురుతుంది. ఈ అయిదూ చెవికి పట్టాయంటే బందరు పక్కనున్న మంగినపూడి తీరంలో రాత్రి సగం అర్థమైనట్టే. సాధనకి జీనో-కాంటో అనే వెబ్‌సైటులో ప్రపంచంలోని చాలా పక్షుల గొంతులు ఉచితంగా ఉన్నాయి. గొంతు విని పిట్ట పేరు మెర్లిన్ యాప్ కూడా చెబుతుంది గానీ, చీకట్లో ఒంటరిగా వినబడిన ఒక్క పిలుపు విషయంలో దాని మాట అంతిమ తీర్పుగా తీసుకోకూడదు.

అసలు చిక్కు స్థానికులతో. తీతువు ఇక్కడిదే. కుక్క కదిలినా, మనిషి అలికిడైనా రాత్రంతా అరుస్తుంది. చింతవక్క సంజెవేళ ‘వక్’ అంటూ చేపలకి బయల్దేరుతుంది. ఈల బాతులు చెరువు నుంచి చేలకి, చేల నుంచి చెరువుకి ఈలలేస్తూ తిరుగుతుంటాయి. ఇవి వలస కాదు, రాత్రి మేత. వీటిని వేరుగా రాయకపోతే లెక్క ఉబ్బిపోతుంది. అలాగే బురదలో దిగి ఉన్న గ్రీన్‌షాంక్ ఉలిక్కిపడి అరిచినా అదే గొంతు. పిలుపు ఒక దిక్కు నుంచి వచ్చి, నెత్తి మీదుగా సాగి, ఇంకో దిక్కున సన్నబడితేనే దాటిపోయే పక్షి అనుకోవచ్చు. అందుకే రికార్డరు పెట్టి ఇంటికెళ్లి పడుకోవడం కంటే, కనీసం మొదట్లో, పక్కనే కూర్చుని వినడం మేలు. దోమలు కుట్టనిస్తేనే అనుకోండి.

పిలుపుల లెక్క, పక్షుల లెక్క ఒకటి కాదు. ఒకే పిట్ట పదిసార్లు అరవొచ్చు, వంద పిట్టలు నోరు మెదపకుండా పోవచ్చు. మబ్బు కిందికి దిగి తుంపర పడుతున్న రాత్రి అవి కిందుగా ఎగురుతాయి, ఎక్కువగా అరుస్తాయి. తేట ఆకాశంలో మన చెవికందని ఎత్తున వెళ్తాయి. కాబట్టి ‘ఇన్ని పక్షులు’ అని రాయరు, ‘గంటకి ఇన్ని పిలుపులు’ అని రాస్తారు, పక్కనే గాలి దిక్కూ మబ్బూ కూడా. తెల్లవారుజాము గంటలు తరచు బాగా పండుతాయి. ఖర్మేమిటంటే చెరువుల్లో ప్రాణవాయువు బాగా పడిపోయేదీ అప్పుడే, ఏరియేటర్లన్నీ హోరెత్తేదీ అప్పుడే. రొయ్యల రైతుని ఆపమనలేం. ఉప్పుటేటి పక్కకో, మడ అడవి అంచుకో జరగాల్సిందే.

ఇంత కష్టపడి ఏం తెలుస్తుందంటే, పగటి లెక్కలకి దొరకనిది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. కొల్లేరు, కృష్ణా అభయారణ్యం లాంటి చోట్ల శీతాకాలానికి స్థిరపడ్డ పక్షుల్ని లెక్కపెట్టడానికి అది పనికొస్తుంది. మన మీదుగా దాటి ఇంకా దక్షిణానికి వెళ్లిపోయినవి జనవరికి ఇక్కడుండవు. అవి ఏ వారంలో వచ్చాయో, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆగాయో సాగాయో చెప్పగలిగేది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, మళ్లీ మార్చి, ఏప్రిల్‌లో విన్న చెవులే.

బందరుకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. తుపాన్లని కనిపెట్టే వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఊళ్లోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు రాడార్ తెరల మీద కనబడి సైనికుల్ని తికమక పెట్టిన చుక్కలు పక్షులవేనని డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ 1945లో తేల్చారు. ఇవాళ అమెరికాలో బర్డ్‌కాస్ట్ అనే ప్రాజెక్టు వాన రాడార్లతోనే రాత్రికి ఎన్ని పక్షులు దాటాయో అంచనా కడుతోంది. రాడార్‌కి ఎన్నో తెలుస్తుంది, ఏవో తెలీదు. చెవికి ఏవో తెలుస్తుంది, ఎన్నో తెలీదు. ఈ రెంటినీ కలిపి చూడటానికి బందరు కంటే వీలైన ఊరు మన తీరంలో నాకు తట్టడం లేదు.

తొందర పడాల్సిన కారణమూ ఉంది. మంగినపూడికి దగ్గర్లో తపసిపూడి వద్ద 2023 మేలో బందరు ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేవంటే రాత్రంతా వెలిగే దీపాలు. న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబరు 11న ఆకాశంలోకి వదిలే రెండు కాంతి స్తంభాలు ఏడేళ్లలో ఏడు రాత్రులు కలిపి సుమారు 11 లక్షల పక్షుల ప్రయాణాన్ని చెదరగొట్టాయని 2017లో వెలువడ్డ అధ్యయనం లెక్కతేల్చింది. వెలుగులో చిక్కుకున్న పిట్టలు చుట్టూ తిరుగుతూ మామూలు కంటే ఎక్కువగా అరిచాయి. దీపాలు ఆర్పగానే నిమిషాల్లో దారిన పడ్డాయి. అందుకే అక్కడ పక్షులు వెయ్యి దాటితే దాదాపు 20 నిమిషాలు దీపాలు ఆపుతారు. ఆ అధ్యయనానికి ఆధారం కళ్లతో, రాడార్‌తో, మైకుతో చేసిన లెక్కలే.

రేవు దీపాలు పూర్తిగా వెలిగేలోపు రెండు మూడు వలస కాలాల రికార్డింగులు చేతిలో ఉంటేనే తర్వాత ఏం మారిందో చెప్పగలం. బందరు కాలేజీల్లో జంతుశాస్త్రం చదివే పిల్లలు చాలు ఈ పనికి. పక్షుల లెక్కలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైటులో రాత్రి పిలుపుల లెక్కకి ప్రత్యేక పద్ధతి ఉంది, అందులో ఎక్కించవచ్చు. ఫైలు పేరులో తేదీ, చోటు, రికార్డరు నొక్కిన గంటా నిమిషం తప్పకుండా ఉండాలి. పోల్చుకోలేని కూతని చెరిపేయకుండా అలాగే ఉంచాలి.