చూపు నేర్పిన బడి

వేసవి సెలవుల్లో చిత్రకళాశాలలు తమ తలుపులు వూరివారికి తెరవడం మన పట్టణాల్లో పరిపాటి అయింది. మంచిదే. కాని తలుపులు తెరిచినంతమాత్రాన అది ప్రజాకళ అయిపోదు. లోపలికి వచ్చినవాడికి యేం నేర్పుతున్నారన్నది అసలు ప్రశ్న. నేను చూసిన శిబిరాల్లో యెక్కువభాగం పిల్లలచేత నెమలినో వినాయకుణ్ణో నమూనా చూపి దించించి, ఆఖరిరోజున సర్టిఫికెట్టు చేతికిచ్చి పంపేవే. చేతికి కాస్త పని దొరుకుతుంది; కంటికి దొరికేదేమీ లేదు.

యీ సందర్భంలో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ అనుభవం పరిశీలించదగింది. 1953లో చిత్రకారుడు ఆస్కార్ కొకోష్కా అక్కడి కొండమీది కోటలో వేసవి బడి ఒకటి ప్రారంభించాడు. దాన్ని "చూడడం నేర్పే బడి" అన్నాడు. ప్రవేశపరీక్ష లేదు, వెనకటి చదువుతో నిమిత్తం లేదు. యెదుట నిలబడిన మనిషి శిలలా వుండిపోడు, కొద్ది నిమిషాలకొకసారి భంగిమ మారుస్తాడు. ఆలోగా నీటిరంగులతో పట్టుకోవాలి. దిద్దుకునే వ్యవధి యెక్కడిది? నైపుణ్యం లేనివాడూ వున్నవాడూ అక్కడ ఒక్కటే, యిద్దరూ చూసి తీరాలి. 1963 దాకా ఆయన యిలాగే పాఠం చెప్పాడు.

యిది కేవలం బోధనాపద్ధతి అనుకుంటే పొరపాటు. 1937లో మ్యూనిక్‌లో నాజీలు "భ్రష్టకళ" పేరిట వెక్కిరించిన బొమ్మల్లో కొకోష్కావీ వున్నాయి. మరుసటి యేడు ఆయన ప్రాగ్ వదిలి లండన్ చేరాడు. తన కన్ను తాను నమ్మని జనం యెవరు యేది చూపిస్తే అదే చూస్తారని ఆయనకు అనుభవంలో తెలిసిందనే నా అభిప్రాయం.

అయితే యీ బడి కథలో ఒక మచ్చ వుంది. దాన్ని కప్పిపుచ్చడం విమర్శకుడి పని కాదు. కొకోష్కాతో కలిసి దీన్ని స్థాపించిన ఫ్రీడ్రిష్ వెల్జ్ చిత్రాల వ్యాపారి. 1938లో ఆస్ట్రియా హిట్లర్ వశం కాగానే, వియన్నాలో లేయా బోందీ అనే యూదు మహిళ నడుపుతూ వుండిన చిత్రశాలను చేజిక్కించుకున్నాడు. ఆమె సొంత బొమ్మను, ఎగోన్ షీలే వేసినదాన్ని, కూడా పట్టుకుపోయాడు. ఆ వ్యాజ్యం 2010లో గాని రాజీకి రాలేదు, అప్పటికి ఆమె లేదు. చూడడం నేర్పే బడి తన పక్కనున్నవాడి చేతులవంక చూడలేదా, చూసీ వూరుకుందా? పరీక్ష లేదన్నమాట నిజమే గాని, రుసుము కట్టి వారాల తరబడి పని మానుకోగలవారికే ఆ కోట యెక్కడం సాధ్యమన్నదీ నిజమే.

అయినా ఆ పాఠాన్ని నేను పారవేయను. దానికి కోట అక్కర్లేదు, డబ్బూ పెద్దగా అక్కర్లేదు. మన శిబిరాల పిల్లల్ని నమూనాపుస్తకం మూయించి, పొద్దున్నే కూరగాయల మార్కెట్టుకు తీసుకువెళ్లాలి. బస్తాలు దించే హమాలీ భంగిమ మార్చకుండా యెంతసేపు వుంటాడు?