వంత పలికేవాడు

ఇప్పటి పదిహేను, ఇరవై ఏళ్ల పిల్లలకు ఒగ్గు అంటే డోలు. బోనాల ఊరేగింపులో, జూన్ 2 తెలంగాణ ఆవిర్భావ వేడుకల్లో, పెద్ద నాయకుడెవరైనా ఊరికొచ్చినప్పుడు ఒంటికి పసుపు, కాళ్లకు గజ్జెలతో ఒగ్గు బృందంవాళ్లు వరుస కడతారు. ఒకరి భుజాల మీద ఒకరెక్కి దద్దరిల్లేలా వాయిస్తారు. ఫోన్లో అర నిమిషం రీల్‌కు కొలిచినట్టు సరిపోయే విన్యాసం. అందులో తప్పు పట్టేదేమీ లేదు. బృందానికి నాలుగు డబ్బులు దొరికేది అక్కడే. కాకపోతే ఆ డోలు ఏ కథకు తోడుగా మోగేదో, ఆ కథ తెల్లవార్లూ జనాన్ని ఎట్లా కూర్చోబెట్టేదో అర నిమిషంలో తెలిసేది కాదు.

మహబూబాబాద్, గార్ల, బయ్యారం వైపు జర్నలిజం చదువుతున్న డిగ్రీ పిల్లలకు ఊరి ఒగ్గు బృందం మీద ఒక వీడియో ప్రాజెక్టు ఇచ్చారనుకుందాం. అంశం "స్థానిక కళాసంస్థ, యువ ప్రేక్షకులు". వాళ్లు ముందుగా తయారు చేసేది ప్రశ్నల కాగితం. మీకు జానపద కళలు ఇష్టమేనా? అవును, కాదు, చెప్పలేను. పెద్దవాళ్లు పక్కన ఉండగా "కాదు" మీద టిక్కు పెట్టే పిల్లవాడిని నేనైతే చూడలేదు. ఆ కాగితంతో చార్టులు గీయొచ్చు గానీ సినిమా తీయలేం. ఇంతకీ ప్రేక్షకుల్ని చదివే విద్య ఒగ్గుకథ లోపలే ఉంది. కథకుడు ప్రతి రాత్రీ చేసే పనే అది. ముందు దాన్ని చూసి నేర్చుకుంటే ప్రశ్నలు వాటంతటవే మారతాయి.

ఒగ్గు చెప్పేవాళ్లు మొదట పూజారులు, ఆ తర్వాతే కళాకారులు. కురుమ, గొల్ల ఇళ్లలో బీరప్ప, మల్లన్న ఇలవేల్పులు. ఎల్లమ్మ కథ ఎన్నో కులాల ఇళ్లలో చెప్పించుకుంటారు. మొక్కున్న చోట పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, రంగుపొడులతో నేలంతా పరుచుకునే ముగ్గు అది. కొమురవెల్లిలో మహాశివరాత్రి రాత్రి వేసే పెద్దపట్నానికి జనం వేలల్లో కదులుతారు. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతితో మొదలవుతుంది. గంటల తరబడి శ్రద్ధగా వేసిన పట్నాన్ని చివరికి తొక్కేస్తారు. దాచుకోవడానికి వేసింది కాదు కదా! కెమెరా పట్టుకున్నవాళ్లు మొదట తేల్చుకోవలసింది ఇక్కడే ఉంది. ఎంతవరకు పూజ, ఎక్కణ్ణుంచి ప్రదర్శన అన్న గీత మనం గీసేది కాదు, బృందాన్ని అడిగి తెలుసుకునేది.

బృందం చిన్నది. కథ నడిపే ప్రధాన కథకుడు, పక్కనే వంత పలికే సహకథకుడు, వెనక డోలు, తాళాలు, కొన్నిచోట్ల నఫీరా. చేతిలో ఆడే చిన్న వాద్యమే ఒగ్గు. శివుడి డమరుకమని చెప్పుకుంటారు, జగ్గు అని కూడా అంటారు. కథకు ముందు గణపతికి, సరస్వతికి, గ్రామదేవతలకు దండాలు. ఇక్కడ భక్తితోపాటు ఇంకో పని కూడా జరుగుతుంటుంది. జనం చాపలు పరుచుకుంటూ, పిల్లల్ని సర్దుకుంటూ ఉంటారు. ఆ సందులో కథకుడి కళ్లు జనం మీద తిరుగుతుంటాయి. ముసలమ్మలెందరు, పిల్లలెందరు, నిద్రకు తూగేదెవరు, తాగొచ్చినవాళ్లు ఏ మూల ఉన్నారు? స్తుతి ముగిసేసరికి ఈ రాత్రి శోకం ఎంత, నవ్వు ఎంత కలపాలో ఒక అంచనా వచ్చేస్తుంది.

ఇక అసలు కీలకం వంత. ప్రధాన కథకుడు చరణం ముగించబోతుంటే సహకథకుడు దాని తోక పట్టుకుంటాడు, డోలు అందుకుంటుంది. వినేవాళ్లకు అది ఊపు, చెప్పేవాడికి తర్వాతి మాట కూర్చుకునే వ్యవధి. 1930లలో యుగోస్లావియా పల్లెగాయకుల్ని రికార్డు చేసిన మిల్మన్ ప్యారీ, ఆ పనిని కొనసాగించి 1960లో పుస్తకం రాసిన ఆల్బర్ట్ లార్డ్ తేల్చిందీ ఇటువంటిదే. అంత పెద్ద కథల్ని గాయకులు అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టరు. సిద్ధంగా ఉన్న పదబంధాలతో, ఘట్టాలతో అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. ఆడపిల్ల సింగారం, గుర్రం బయల్దేరడం, అడవి దారి, తల్లి ఏడుపు, ఇవన్నీ మన కథకుడి దగ్గరా ఉంటాయి. జనం కుదురుగా ఉంటే సింగారం పావుగంట సాగుతుంది. ఆవలింతలు మొదలైతే రెండు మాటల్లో తేలిపోతుంది.

వంతవాడు చేసే పని ఇంకొకటుంది, నా లెక్కలో ఇదే గొప్పది. అతను కావాలనే అమాయకుడవుతాడు. పుట్ట పగిలి గొర్రెల మంద బయటికొచ్చే ఘట్టం వచ్చిందనుకోండి. "ఎన్ని గొర్లన్నా? మన ఊరి మందకన్న ఎక్కువనా?" అంటాడు. అంతవరకు దేవుళ్ల గొర్రెలుగా ఉన్నవి ఆ ఊరి గొర్రెలైపోతాయి. ముందు వరుసలో కూర్చున్న కాపరి నవ్వుతాడు. వినేవాడి గొంతులో ఆగిపోయిన ప్రశ్నను ముందే అడిగేస్తాడు వంతవాడు. అర్థం కానిదాన్ని తిరగేసి చెప్పిస్తాడు, శోకం మరీ బరువెక్కితే ఒక చమత్కారం విసురుతాడు. కథకుడికి తోడు నిలబడిన ప్రేక్షకుడే అతను.

వేషాలు మారడానికి తెర లేదు, పెట్టె లేదు. భుజం మీది గుడ్డ తలమీదికొస్తే తల్లి, నడుముకు బిగిస్తే వీరుడు. చేతికర్ర అవసరాన్నిబట్టి గుర్రమూ అవుతుంది, కత్తీ అవుతుంది. కథ చెబుతున్నవాడు మాట మధ్యలో పాత్రలోకి దూకి, అదే ఊపులో బయటికొచ్చి "అట్లన్నదా తల్లి" అని మళ్లీ కథకుడైపోతాడు. ఈ రాకపోకల్లో పేరు మోసినవాడు చుక్క సత్తయ్య. 1935లో పుట్టి 2017లో పోయిన ఆయనది జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. గుడి ముంగిట ఉన్న కథను నగరాల వేదికలెక్కించినవాళ్లలో ఆయనది ముందు వరుస. ఆ జిల్లాకు ఇటువంటి కళ కొత్తేమీ కాదు. శ్రీశైలంలో శివరాత్రి నాటి ఆటపాటల్ని "పండితారాధ్య చరిత్ర"లో వర్ణించిన పాల్కురికి సోమనాథుడిది అక్కడి పాలకుర్తే. 2024లో పద్మశ్రీ వచ్చిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యదీ ఆ జిల్లాలోని దేవరుప్పుల మండలమే.

జానపద కథను పుస్తకంగా అచ్చువేసేటప్పుడు ముందు ఎగిరిపోయేది వంత. "మళ్లీ మళ్లీ అదే కదా" అని కొట్టేస్తారు. వీడియోలోనూ అదే జరుగుతోంది. మైకు ప్రధాన కథకుడి మెడలో, కెమెరా అతని మొహం మీద. పక్కవాడు సగం ఫ్రేములో, జనం చీకట్లో. నన్నడిగితే రెండో మైకు వంతవాడికి పెట్టాలి, రెండో కెమెరా జనం వైపు తిప్పాలి. మూడోది దొరికితే డోలుకు.

ఇప్పుడు బయ్యారానికి వద్దాం. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు, కాకతీయుల వంశక్రమం చెప్పే 13వ శతాబ్దపు శాసనం ఈ ఊరి పేరును చరిత్ర పుస్తకాల్లోకెక్కించాయి. తర్వాతి కాలంలో ఇనుప ఖనిజం, ఉక్కు ఫ్యాక్టరీ డిమాండు పేపర్లకెక్కించాయి. 2016 దాకా ఖమ్మం జిల్లా, అప్పటినుంచి మహబూబాబాద్. చుట్టూ లంబాడ తండాలు, కోయ గూడేలు, యాదవుల వాడలు. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చునే ముగ్గురు పిల్లలకు ఇళ్లలో మూడు భాషలు, ముగ్గురు వేర్వేరు వేల్పులు. యాదవుల అబ్బాయికి మల్లన్న కథ అమ్మమ్మ నోట విన్నది. తండా అమ్మాయికి అది పక్కింటివాళ్ల కథ. కోయ పిల్లవాడికి తన కథలు వేరేగా ఉన్నాయి. పడిగె అనే గుడ్డపటం విప్పి, డోలి వాయిస్తూ కోయ పెద్దలు సమ్మక్క సారలమ్మల కథ పాడతారు. మణుగూరు వైపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. కాబట్టి "యువ ప్రేక్షకులు" అని ఒక్క ముద్దగా రాసిన ప్రాజెక్టు బయ్యారంలో మొదటి రోజే తప్పుతుంది.

ఎవరు ఏం వింటున్నారో తెలుసుకోవడానికి ప్రశ్నల కాగితం కన్నా మంచి దారి ఉంది. కథ జరిగే చోట ఓ పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకోవాలి. ఏ ఘట్టంలో ఫోన్లు బయటికొచ్చాయి, ఎప్పుడు జేబుల్లోకి వెళ్లాయి? లేచిపోయిన కుర్రాళ్లలో ఎవరు తిరిగొచ్చారు, ఏ మోతకు వచ్చారు? వంతవాడి చమత్కారం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు? మర్నాడు ఆ పిల్లల్ని పిలిచి "నిన్న ఆ మాటకు ఎందుకు నవ్వావ్ రా" అని అడిగితే అరగంట మాట్లాడతారు. ఇష్టమా కాదా అంటే ఒక్క మాటతో ముగిస్తారు.

బృందం సంగతి తెలుసుకోవడానికి రిజిస్ట్రేషన్ కాగితం, సన్మాన పత్రాలు కొంతవరకే పనికొస్తాయి. డోలు నేర్చినవాళ్లు ఎందరు, కథ నేర్చినవాళ్లు ఎందరు అని విడివిడిగా అడగాలి. వంత పలకగలిగిన అందరికన్నా చిన్నవాడి వయసెంత, ఇంటి మొక్కుల మీద వచ్చేదెంత, ప్రభుత్వ కార్యక్రమాల మీద వచ్చేదెంత అని అడగాలి. రాష్ట్రం వచ్చాక ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథి లాంటివి కొందరు కళాకారులకు జీతం చూపించాయి. దాంతోపాటు పథకాల ప్రచారానికి పాట కట్టే పనీ వచ్చింది. ఆ పాటకు సమయం నిమిషాల్లో ఉంటుంది, కథకు రాత్రుల్లో. ఈ రెంటి మధ్య బృందం తన రోజుల్ని ఎట్లా పంచుకుంటోందో తెలిస్తే సగం పరిశోధన అయినట్టే.

మిగతా సగం ఎడిటింగ్ బల్ల దగ్గర. తొలి కోత తయారవగానే కాలేజీలో సార్లకు చూపించకండి. హైస్కూలు పిల్లల్ని కూర్చోబెట్టి, పక్కన వంతవాణ్ణి కూర్చోబెట్టి వేయండి. అతను తెర వైపు కన్నా పిల్లల మొహాల వైపే ఎక్కువ చూస్తాడు. ఎక్కడ కత్తిరించాలో, కత్తిరించిందాన్ని ఎక్కడ తిరిగి అతికించాలో అతన్నే అడగండి. టైటిల్స్‌లో ఎడిటర్ల వరుసలో అతని పేరూ వేయండి, ఒక కాపీ బృందానికి ఇవ్వండి, పనికి తగ్గ డబ్బులూ ఇవ్వండి.