ఒక్కరోజు ఢిల్లీ: చూపేది, చూపనిది

చారిత్రక రాజధానిని ఒక్క పగటిలో చూపించడం కూడా ఒక కథన ప్రక్రియే. బస్సు ఏ కట్టడం వద్ద ఆగాలి, దేనిని కిటికీలోంచి చూపి సాగిపోవాలి, ఎక్కడ ఏమి చెప్పాలి అన్న నిర్ణయాలన్నీ చరిత్రపై చేసే వ్యాఖ్యానాలే. కనుక గైడు వెంట సాగే ఢిల్లీ సందర్శనను ఒక గ్రంథాన్ని వలె పరిశీలించడం సముచితం. దేశం నలుమూలల నుండి వచ్చే యాత్రికులలో అనేకులకు ఆ నగర చరిత్రను గురించి లభించే పాఠం ఇదొక్కటే.

ఈ యాత్రకు గల గుణాన్ని ముందుగా అంగీకరించాలి. కొత్త ఊరిలో దారి తప్పుతామన్న భయం లేకుండా, స్వల్ప వ్యయంతో, సామాన్య కుటుంబం కుతుబ్‌మీనారును, హుమాయూన్ సమాధిని, ఎర్రకోటను, ఇండియా గేటును చూడగలుగుతున్నది. ఇది తక్కువ సేవ కాదు.

అయితే బస్సు మార్గాన్ని నిర్ణయించేది రహదారి, కాలక్రమం కాదు. 1931లో ఆవిష్కరించిన ఇండియా గేటు, 12వ శతాబ్ది చివరలో ఆరంభమైన కుతుబ్‌మీనారు, 1648లో పూర్తయిన ఎర్రకోట ఒకే పూటలో కలగాపులగమవుతాయి. ఒక రాజ్యం పోయి మరొకటి ఎందుకు వచ్చిందో యాత్రికునికి బోధపడదు. ఆ లోటును గైడు అంకెలతో పూరిస్తాడు. మీనారు ఎత్తు 72.5 మీటర్లని విన్నవాడు, దాని పక్కనే కంటికి కనిపించే విశేషాన్ని గమనించకుండానే వెనుదిరుగుతాడు. కువ్వతుల్ ఇస్లాం మసీదు ముందున్న తొలి తెరగోడలో కమానులు నిజమైన కమానులు కావు. స్థానిక శిల్పులు తమకు అలవాటైన పద్ధతిలో రాళ్ళను వరుసవరుసకూ కొంత ముందుకు జరిపి పేర్చారు. అక్కడికి కొన్ని అడుగుల దూరంలో, 1311 నాటి అలాయీ దర్వాజాలో, చీలికలుగా చెక్కిన రాళ్ళు ఒకదానినొకటి అదిమిపట్టే అసలైన కమాను నిలిచి ఉన్నది. శతాబ్దానికి పైగా శిల్పి హస్తం నేర్చిన విద్య అంతా ఆ రెండింటి నడుమ ఉన్నది. ఆ మసీదుకు 27 ఆలయాల సామగ్రిని వాడినట్లు అక్కడి శాసనమే చెబుతున్నది. ఈ మాటను దాటవేయడమూ సరికాదు, ఉద్రేకానికి వాడుకోవడమూ సరికాదు. శాసనాన్నీ, స్తంభాలనూ చూపి మౌనం వహించగల సంయమనం గైడుకు కావాలి.

ఈ యాత్రలో మరొక లోపం తెలుగువారికి మరింత సన్నిహితమైనది. 1323లో ఓరుగల్లు పతనమైనది. బందీగా ఢిల్లీకి తరలుతున్న ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని విలస తామ్రశాసనం తెలుపుతున్నది. ఆ దేశం నుండే వెళ్ళి, ఇస్లాం స్వీకరించిన మలిక్ మక్బూల్ ఫిరోజ్ షా తుగ్లక్ పాలనలో ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో ప్రధానమంత్రి అయినాడు. చరిత్రలో ఆయన పేరు పక్కన 'తిలంగానీ' అన్న మాట నిలిచిపోయింది. నిజాముద్దీన్ బస్తీ ఇళ్ళ నడుమ ఉన్న ఆయన సమాధిని ఢిల్లీలో అష్టకోణాకృతి సమాధులకు ఆద్యమైనదిగా కళాచరిత్రకారులు పరిగణిస్తారు. హుమాయూన్ సమాధి ప్రాంగణంలో అడుగిడగానే కనిపించే 1547 నాటి ఈసాఖాన్ సమాధి ఆ సంప్రదాయంలోనిదే. గైడు ఈసాఖాన్ సమాధిని చూపుతాడు. కొద్ది దూరంలోనే ఉన్న దాని మూలాన్ని ప్రస్తావించడు. ఓరుగల్లు నుండి వచ్చిన కుటుంబం సైతం ఆ సంగతి తెలియకుండానే బస్సెక్కుతుంది.

ఎర్రకోటలోనూ చెప్పనిదే ఎక్కువ. దివాన్-ఇ-ఆమ్, దివాన్-ఇ-ఖాస్ ల వైభవాన్ని వర్ణించే గైడు, వాటి మధ్య విశాలమైన ఖాళీ స్థలం ఎందుకున్నదో చెప్పడు. 1857 తిరుగుబాటును అణచిన పిదప ఆంగ్లేయులు అంతఃపుర భవనాలను అనేకం కూల్చి సైనిక నివాసాలు నిర్మించారు. ఆ శూన్యమే అక్కడి ప్రధాన చారిత్రక సాక్ష్యం. చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ పట్టుబడినది హుమాయూన్ సమాధి వద్దనే. ఈ రెండు స్థలాలనూ కలిపే మాట ఒక్కటి చాలు, యాత్ర చరిత్రగా మారడానికి.

కొత్త కట్టడాలను చేర్చకుండానే ఈ యాత్రను సంస్కరించవచ్చు. ఉదయం కుతుబ్‌తో ఆరంభించి, తిలంగానీ సమాధి మీదుగా హుమాయూన్ సమాధికీ, మధ్యాహ్నం ఎర్రకోటకూ, సాయంకాలానికి ఇండియా గేటుకూ చేరితే కాలం తనంతట తానే వరుసలో నిలుస్తుంది. హస్తకళల దుకాణాల ముందు బస్సు ఆగే సమయంలో అరగంట తగ్గించినా ఇందుకు సరిపోతుంది. మిగిలినది గైడుల శిక్షణ. కట్టిన రాజుతో పాటు కట్టిన చేతులనూ, నిలిచినదానితో పాటు కూలినదానినీ చెప్పడం వారికి నేర్పాలి.