సీసా ముందుమాట, వెనుక లెక్క

ముందుమాట ఒక్కటే చదివి పుస్తకం కొనేవాళ్లు అప్పుడప్పుడు మోసపోతుంటారు. ముందుమాట రాసేది సాధారణంగా రచయిత మిత్రులే కదా! శీతల పానీయాల సీసాలకూ ఇలాంటి ముందుమాట ఒకటి ఉంటుంది. 'జీరో', 'చక్కెర కలపలేదు', 'నిజమైన పండ్ల రసం', 'తక్షణ శక్తి' అంటూ సీసా ముందు వైపున పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. అసలు గ్రంథం వెనుక వైపున, బార్‌కోడ్ పక్కన, భూతద్దం కావలసినంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చదివి ఒక సమీక్ష రాస్తే ఎలా ఉంటుంది? పానీయం మీద సమీక్ష ఏమిటని కొందరు నవ్వవచ్చు. కానీ పాఠ్యపుస్తకం తర్వాత మన విద్యార్థుల కంట ఎక్కువసార్లు పడే శాస్త్ర సంబంధమైన మాటలు బహుశా ఈ సీసాలు, పొట్లాల మీదివే. వాటిని విమర్శకు అతీతంగా వదిలేయడం సరికాదు.

మొదట వెనుక లెక్క చూద్దాం. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10 నుంచి 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసాలో 26 గ్రాములు ఉందనుకుందాం. టీ చెంచాకు 5 గ్రాముల చొప్పున చూస్తే అయిదు చెంచాలకు పైమాటే. ఈ అంకె పక్కన ఒక శాతం కూడా ముద్రిస్తారు. మన దేశపు లేబుల్ నిబంధనల ప్రకారం ఆ శాతాన్ని రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తీసుకునే మనిషికి 50 గ్రాముల అదనపు చక్కెర అనే లెక్కన కట్టాలి. అంటే మన సీసా 52 శాతం. 'సగమే కదా, ఫరవాలేదు' అనిపిస్తుంది.

ఈ 50 ఎక్కడి నుంచి వచ్చింది? ఆహారం ద్వారా వచ్చే శక్తిలో విడి చక్కెరల వాటా 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2000లో 10 శాతం అంటే 200 కిలోకేలరీలు. గ్రాము చక్కెర 4 కిలోకేలరీలు ఇస్తుంది కాబట్టి 50 గ్రాములు. అదే పత్రం, వీలైతే 5 శాతం లోపుకు తగ్గించుకుంటే ఇంకా మంచిదని కూడా సూచించింది. అది మొదటి దానంత గట్టి సిఫారసు కాదు. అయినా దాన్ని లెక్కలోకి తీసుకుంటే హద్దు 25 గ్రాములు. అప్పుడు మన సీసా 104 శాతం! సీసా మారలేదు, చక్కెర మారలేదు, హారం మాత్రమే మారింది. పైగా ఆ హారం పెద్దవాళ్లది. ఏడో తరగతి అమ్మాయి తాగినా సీసా మీద అదే 52 శాతం. ఇక 600 మిల్లీలీటర్ల సీసా మీద 'ఒకసారికి 200 మిల్లీలీటర్లు' అని లెక్క ఇచ్చారనుకోండి, శాతం ఇంకా తగ్గి కనిపిస్తుంది. మూత తీసిన సీసాను ముగ్గురు పంచుకుంటారని ఆ లెక్క కట్టినవారి నమ్మకం కాబోలు.

ఇంత చక్కెర నాలుకకు ఎందుకు తెలియదు? ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గ్లాసు నీళ్లలో అయిదు చెంచాల చక్కెర కలిపి రుచి చూడండి. రెండు గుక్కలకే మొహం మొత్తుతుంది. అందులోనే ఒక నిమ్మకాయ పిండి, ఐసు ముక్కలు వేయండి. ఇప్పుడు సులువుగా దిగుతుంది. చక్కెర ఒక్క చెంచా కూడా తగ్గలేదు. పులుపు తీపిని కప్పేసింది, చల్లదనం నాలుకను మందగింపజేసింది. కోలాలో ఆ పులుపు పని చేసేది ఫాస్ఫారిక్ ఆమ్లం. దాని పీహెచ్ విలువ 2.5 దగ్గర ఉంటుంది. పంటి పింగాణీ సుమారు 5.5 కంటే తక్కువ పీహెచ్‌లో కరగడం మొదలవుతుంది. చక్కెర లేని కోలాకూ ఈ ఆమ్లగుణం ఉంటుంది. ఈ విషయంలో 'జీరో' అన్న మాట ఏ హామీ ఇవ్వదు.

సోడా అంటే ఏ సోడా?

ఇక్కడ అనువాదకుల పని మీద ఒక మాట అనక తప్పదు. 'రోజూ సోడా తాగితే మధుమేహం ముప్పు' అంటూ పత్రికల్లో వార్తలు వస్తుంటాయి. అవి అమెరికా నుంచి వచ్చిన వార్తలు. అక్కడ సోడా అంటే గ్యాసు నింపిన తీపి పానీయం. మనకు సోడా అంటే గోలీ సోడా, అంటే నీళ్లు, బొగ్గుపులుసు వాయువు. ఇంగ్లండుకు చెందిన హైరం కాడ్ 1870లలో పేటెంటు పొందిన ఆ గోలీ సీసాలో, రంగూ తీపీ కలపనంతవరకు, చక్కెర సున్నా. బండి దగ్గర ఉప్పు, నిమ్మరసం కలిపి తాగే సోడాకు ఈ వార్త వర్తించనే వర్తించదు. మాటను మాటగా దించేసి, అది సూచించే వస్తువును వదిలేయడం వల్ల, నేరం చక్కెర నుంచి గ్యాసు మీదికి మారింది. దాంతో పాఠకుడు బండి మీది ఉప్పు సోడా మానేసి, పెట్టెలో అమ్మే పండ్ల రసం తాగడం మొదలుపెడతాడు. అందులో చక్కెర ఇంచుమించు కోలా అంత ఉంటుంది.

పండ్ల రసం పెట్టె మీద 'చక్కెర కలపలేదు' అన్న వాక్యం అబద్ధం కాకపోవచ్చు. పండులోని చక్కెర చాలు, వేరే కలపనక్కర లేదు. కాయను నమిలి తింటే పీచుతో పాటు నెమ్మదిగా లోపలికి వెళ్లే చక్కెర, నాలుగు కాయల రసం ఒకే గ్లాసులో పోసినప్పుడు గుటకలో వెళ్తుంది. ద్రవంగా తీసుకున్న కేలరీలను మన ఆకలి సరిగా లెక్కపెట్టదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 2000లో 15 మంది మీద చేసిన చిన్న అధ్యయనం ఒకటుంది. రోజుకు 450 కేలరీల చొప్పున నాలుగు వారాలు మిఠాయి గోలీలు తిన్నప్పుడు వాళ్లు తెలియకుండానే మిగతా తిండి తగ్గించారు. అన్నే కేలరీలు తీపి పానీయంగా తాగినప్పుడు తగ్గించలేదు, బరువు పెరిగారు. 15 మందితో శాసనాలు రాయలేం గానీ, 'తాగిందే కదా, తిన్నది కాదుగా' అనే మన ఇంటి మాటకు ఇది మంచి పరీక్ష.

'విదేశీ కోలా వద్దు, మన పానీయం ముద్దు' అనే వాదాన్నీ ఇదే త్రాసులో తూచాలి. చెరకు రసంలో 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే కోలా కంటే ఎక్కువే. రాయలసీమ నన్నారి షర్బత్తుకు ఎంత పరిమళం ఉన్నా ఆ పాకం చక్కెర పాకమే. మజ్జిగ, కొబ్బరి నీళ్ల సంగతి వేరు. అవి మన పానీయాలన్న కారణంతో కాదు, వాటి వెనుక లెక్క చిన్నది కాబట్టి.

మూడు అక్షరాల ముందుమాట

ముందు మాటకూ వెనుక లెక్కకూ ఎంత దూరం ఉండగలదో ఓఆర్ఎస్ వ్యవహారం చూపించింది. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు ఉంటాయి. ఈ పాళ్లు ఊరికే పెట్టినవి కావు. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్లే ద్వారాలున్నాయి. ఆ జంట వెనకాలే నీరు వెళ్తుంది. గ్లూకోజు మోతాదు మించితే కథ తిరగబడుతుంది. పేగులో మిగిలిన చక్కెర శరీరం నుంచే నీటిని బయటికి లాగుతుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. ఇదే పేరు తగిలించుకుని దుకాణాల్లో అమ్మిన కొన్ని పానీయాల్లో లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర ఉండేది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 జులైలో ఒక విచిత్రమైన రాజీ చేసింది. పేరులో ఓఆర్ఎస్ ఉంచుకోవచ్చు, కానీ ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ కాదని ప్రకటన ముద్రించాలి! ముందు 'అవును', పక్కనే 'కాదు'. బిడ్డను చంకనెత్తుకుని మందుల దుకాణానికి పరుగెత్తిన తల్లి రెండో వాక్యం ఎక్కడ చదువుతుంది? హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఆ అనుమతిని సంస్థ ఉపసంహరించుకుంది.

సున్నా దేనితో పోలిస్తే?

ఇక అన్నిటికంటే జటిలమైన ముందుమాట 'జీరో'. ఇక్కడ వెనుక లెక్క నిజంగానే సున్నా. తీపి ఆస్పర్టేమ్, ఎసిసల్ఫేమ్ పొటాషియం, సుక్రలోజ్ వంటి వాటి నుంచి వస్తుంది. ఆస్పర్టేమ్ చక్కెర కంటే సుమారు 200 రెట్లు, సుక్రలోజ్ 600 రెట్లు తియ్యన. సుక్రలోజ్ పుట్టుకలో మనవారి చెయ్యి ఉంది. 1976లో లండన్ క్వీన్ ఎలిజబెత్ కళాశాలలో శశికాంత్ ఫడ్నిస్ అనే యువ పరిశోధకుణ్ణి ఒక క్లోరిన్ సమ్మేళనాన్ని 'టెస్ట్' చేయమంటే ఆయన 'టేస్ట్' అని విని నాలుక మీద వేసుకున్నారట. తెలుగులో చెప్పి ఉంటే సుక్రలోజ్ పుట్టేదే కాదు. 'పరీక్షించు' అన్నది 'రుచి చూడు' అని ఎవరికీ వినబడదు!

2023లో ఈ పదార్థాల మీద రెండు వార్తలు వెంటవెంటనే వచ్చాయి. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడం కోసం కృత్రిమ తీపిని వాడవద్దని సిఫారసు చేసింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సిఫారసు వర్తించదు. జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్టేమ్‌ను '2బీ' వర్గంలో, అంటే 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది, ఆధారాలు పరిమితం' అనే వర్గంలో చేర్చింది. రెండో దానికే పత్రికల్లో పెద్ద శీర్షికలు దక్కాయి. చాలా శీర్షికలు ఒక తేడాను మింగేశాయి. ఈ వర్గాలు ఆధారాల బలాన్ని చెబుతాయి, ప్రమాదం పరిమాణాన్ని చెప్పవు. పరిమాణం లెక్క కట్టే వేరొక నిపుణుల సంఘం అదే రోజున, కిలో శరీర బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాములనే పాత హద్దును మార్చనవసరం లేదంది. 40 కిలోల విద్యార్థికి అది 1600 మిల్లీగ్రాములు. ఒక్కో డబ్బాలో 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటే రోజుకు అయిదు నుంచి ఎనిమిది డబ్బాలు తాగితే గాని ఆ హద్దు చేరదు.

మే నెల సిఫారసు నిజానికి ఇంతకంటే ఆసక్తికరమైనది, దాని మీదే చర్చ జరగాల్సింది. కృత్రిమ తీపి వాడేవారిలో మధుమేహం, గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయన్నది అందులో ఒక ఆధారం. ఇలాంటి పరిశీలనల్లో కారణం, ఫలితం తారుమారయ్యే చిక్కుంది. లావుగా ఉన్నవారు, జబ్బు భయం పట్టుకున్నవారే ముందుగా 'జీరో' వైపు మళ్లుతారు. దీనికి ఎదురుగా నెదర్లాండ్స్ ప్రయోగాన్ని పెట్టి చూడండి. తీపి పానీయాలు అలవాటున్న 641 మంది పిల్లలకు 18 నెలల పాటు రోజుకు 250 మిల్లీలీటర్ల పానీయం ఇచ్చారు. సగం మందికి చక్కెరది, సగం మందికి కృత్రిమ తీపిది. ఎవరికి ఏది ఇచ్చారో పిల్లలకు తెలియదు. 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం చక్కెర తాగినవారు సగటున 7.37 కిలోలు, రెండోవారు 6.35 కిలోలు పెరిగారు. పెరిగే వయసు పిల్లలు కాబట్టి అందరూ పెరుగుతారు. తేడా ఒక కిలో.

రెండూ నిజం కావచ్చు. నెదర్లాండ్స్ పిల్లల పోలిక చక్కెర పానీయంతో. రోజూ ఒక కోలా తాగే కుర్రాడు దాని బదులు జీరో తాగితే 26 గ్రాముల చక్కెర తప్పుతుంది. అది లాభమే. మంచినీళ్లు తాగే అమ్మాయి ప్రకటన చూసి జీరోకు మారితే ఆమెకు కలిగిన లాభం ఏమీ లేదు, పళ్లకు ఆమ్లం అదనం. సీసా మీది సున్నా ఒకటే, పోలికలు రెండు. ఏ పోలికో సీసా చెప్పదు. ఇలాంటి డబ్బాల మీద 'పిల్లలకు సిఫారసు చేయబడదు' అనే హెచ్చరిక కూడా ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పక్కనే ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవారు వాడరాదనే వాక్యం. ఆస్పర్టేమ్ విడిపోతే వచ్చే ఫినైల్ అలనిన్‌ను అరిగించుకోలేని అరుదైన పుట్టు వ్యాధి అది. మన నిబంధనల ప్రకారం లేబుల్ ఇంగ్లీషులోగాని, హిందీలోగాని ఉంటే చాలు. ప్రకటన మాత్రం చక్కని తెలుగులో, సినిమా తార నోట వినిపిస్తుంది.

తగ్గించదలచినవారికి ఒక లెక్క. చిక్కంతా కూల్‌డ్రింకులోనే ఉందనుకోకండి. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు టీలు తాగితే 30 గ్రాములు అక్కడే అయిపోయాయి. వారానికి ఒక కోలా తాగేవాడికి కోలా మానడం కంటే ప్రతి టీలో ఒక చెంచా తగ్గించడమే ఎక్కువ ఫలితమిస్తుంది. వారానికి 105 గ్రాములు, అంటే నాలుగు సీసాల చక్కెర. సీబీఎస్ఈ 2025 మే నెలలో తన బడులన్నిటిలో 'షుగర్ బోర్డులు' పెట్టమని ఆదేశించింది. మీ బడిలో అలాంటి బోర్డు ఉంటే ఒకసారి చూడండి. కోలా, రసం పెట్టె, చాక్లెట్ బొమ్మలు ఉండే ఉంటాయి. క్యాంటీన్ టీ, చెరకు రసం ఉన్నాయా? లేకపోతే ఒక సుద్దముక్క, ఒక తక్కెడ చాలు. చెంచాడు చక్కెర తూచి, ఆ రెండు వరుసలూ మీరే తెలుగులో రాయవచ్చు.